పెళ్లి కాని విదేశీ జంట షాంఘైలో ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే: వీసా నుంచి డిపాజిట్ వాపసు దాకా

హైదరాబాద్‌లో టు-లెట్ బోర్డు చూసి గేటు తడితే ఓనర్ మొదట అడిగేది ఒకటే: "ఫ్యామిలీయా, బ్యాచిలర్సా?" షాంఘైలో బ్రోకర్ అది అడగడు. ఎంతమంది ఉంటారు, ఎన్నాళ్లకు కావాలి, ఎప్పుడు దిగుతారు, నెలకు ఎంత పెట్టగలరు అంటాడు. పెళ్లి సర్టిఫికెట్ ఉంటేనే ఇల్లివ్వాలనే చట్టం చైనాలో లేదు, ఓనర్లకూ ఆ పట్టింపు తక్కువే. చదువుకో ఉద్యోగానికో వెళ్లి అక్కడ సహజీవనం చేద్దామనుకునేవాళ్లకు ఇంతవరకూ ఊరటే.

చిక్కు వేరేచోట ఉంది. ఓనర్ మిమ్మల్ని జంటగానే చూస్తాడు, ప్రభుత్వం మాత్రం చూడదు. దాని లెక్కలో మీరు ఒకే చిరునామాలో ఉంటున్న ఇద్దరు వేర్వేరు విదేశీయులు. వీసాకైనా, ఉంటున్న చిరునామాను పోలీస్ స్టేషన్‌లో నమోదు చేయించుకోవడానికైనా, ఆస్పత్రిలో సంతకానికైనా ఇదే లెక్క. కాబట్టి పని మొదలుపెట్టే ముందే ఒక నిర్ణయానికి రండి: ఇద్దరి పేర్లూ పట్టే ప్రతి కాగితం మీదా ఇద్దరి పేర్లూ ఉండాలి. ఒక్కరి పేరే పట్టే కాగితాలు ఇద్దరికీ విడివిడిగా ఉండాలి.

ఇక్కడ షాంఘైని ఉదాహరణగా తీసుకున్నాను. వీసా, నమోదు, కాంట్రాక్టు చట్టాలు దేశమంతటికీ ఒకటే కాబట్టి గ్వాంగ్‌జౌలో వ్యాపారం చేసేవాళ్లకైనా, ఏదో ఊళ్లో ఎంబీబీఎస్ చదివేవాళ్లకైనా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

అసలు ఇది తప్పు కాదా?

ఇప్పుడు కాదు. 1997లో క్రిమినల్ చట్టాన్ని తిరగరాసేదాకా 'పోకిరీతనం' అనే నేరం ఉండేది. దాని కిందికి పెళ్లి కాని సంబంధాలను కూడా లాగిన కాలం ఒకటి నడిచింది. హోటళ్లలో పెళ్లి పత్రం అడిగే అలవాటు కూడా ఉండేది. విదేశీయులు ఫలానా భవనాల్లోనే ఉండాలన్న ఆంక్షలు ఈ శతాబ్దం మొదట్లో పోయాయి. మీకెవరైనా భయపెట్టే కథలు చెబితే అవి ఏ ఏడాదివో అడగండి.

మొదటి మెట్టు: ఎవరి వీసా వాళ్లకు

ఇల్లు వెతకడం సరదా పని, అందుకే అందరూ దానితో మొదలుపెడతారు. వీసా తేలకుండా ఏడాది అగ్రిమెంట్ మీద సంతకం పెట్టడం దండగ.

ఉద్యోగానికి వచ్చేవాళ్లకు జెడ్ వీసా, ఆరు నెలలు దాటిన చదువుకు ఎక్స్1. ఈ రెంటిలో దేనితో వచ్చినా, దేశంలో అడుగుపెట్టిన 30 రోజుల్లోగా నివాస పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. ఇక కుటుంబ వీసా ఎస్1. చైనాలో పనిచేస్తున్న లేదా చదువుతున్న విదేశీయుడి భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, అత్తమామలు, 18 ఏళ్లలోపు పిల్లలు, ఇంతవరకే ఆ జాబితా. అందులో ప్రియుడు, ప్రియురాలు లేరు. నిశ్చితార్థం అయినా లేరు. అయిదేళ్లుగా కలిసి ఉంటున్నామని బ్యాంకు స్టేట్‌మెంట్లు చూపించినా లాభం లేదు. కొన్ని దేశాలు సహజీవన భాగస్వామికి వీసా ఇస్తాయి, చైనాతో ఆ ఆశ పెట్టుకోవద్దు.

అందువల్ల ఇద్దరికీ సొంత కారణం ఉండాలి. ఒకరికి ఉద్యోగం, ఇంకొకరికి చైనీస్ భాషా కోర్సులో సీటు అన్నది చాలా జంటలు పట్టుకునే దారి. మంచి దారే, నిజంగా క్లాసులకు వెళ్తేనే. హాజరు తగ్గితే యూనివర్సిటీ ఊరుకోదు, పర్మిట్ దానితో ముడిపడి ఉంటుంది.

ఒకరు టూరిస్టు వీసా మీద వచ్చి కొన్నాళ్లు కలిసి ఉంటానంటే చట్టం అడ్డు చెప్పదు. అయితే వీసాలో రాసిన రోజులకు మించి ఒక్క రోజు కూడా ఉండకూడదు, అగ్రిమెంట్‌లో పేరుంది కదా అని గడువు పెరగదు. ఆ వీసాతో ఆన్‌లైన్ ట్యూషన్లు, చిన్నాచితకా పనులు అసలు పెట్టుకోవద్దు. అనుమతి లేని ఉద్యోగానికి జరిమానా 5,000 నుంచి 20,000 యువాన్లు. వ్యవహారం తీవ్రమైతే 5 నుంచి 15 రోజుల నిర్బంధం కూడా చట్టంలో ఉంది.

విద్యార్థులకు ఇంకో మాట. హాస్టల్ వదిలి బయట ఉండాలంటే ముందు మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసును అడగండి. కొన్ని విశ్వవిద్యాలయాలు మొదటి ఏడాది బయటికి పంపవు.

రెండో మెట్టు: చేతిలో ఎంత ఉండాలి

చైనా నగరాల్లో మామూలు పద్ధతిని 'యా యీ ఫు సాన్' అంటారు: ఒక నెల అద్దె డిపాజిట్, మూడు నెలల అద్దె ముందే. ఆపైన మూడేసి నెలలకు ఒకసారి కడుతూ పోవాలి. బ్రోకర్ కమీషన్ ఊరిని బట్టి మారుతుంది. షాంఘైలో అద్దెకు దిగేవాళ్ల వాటా నెల అద్దెలో 35 శాతం అన్నది చాలాకాలంగా ఉన్న వాడుక, బీజింగ్‌లో నెల అద్దె దాకా పోతుంది.

నెలకు 8,000 యువాన్ల ఫ్లాట్ అనుకుందాం. డిపాజిట్ 8,000, మూడు నెలలకు 24,000, కమీషన్ 2,800. మొత్తం 34,800. యువాన్‌కు 12 రూపాయల చొప్పున వేసినా నాలుగు లక్షలు దాటింది. ఇంకా దుప్పటి కొనలేదు, కుక్కర్ కొనలేదు. నెలనెలా కడతానని బేరమాడితే కొందరు ఓనర్లు ఒప్పుకుంటారు, అద్దె కాస్త పెంచి.

డబ్బు తక్కువైతే 'నెలవారీ వాయిదా' అంటూ యాప్‌లో అద్దె లోన్ అంటగట్టే ఏజెన్సీలు ఎదురవుతాయి. దూరంగా ఉండండి. 2020 చివర్లో డాన్‌ఖ అనే పెద్ద అద్దె కంపెనీ కూలినప్పుడు ఏం జరిగిందో ఒకసారి చూడాలి. అద్దెకున్నవాళ్ల పేరు మీద బ్యాంకు లోన్ తీసి ఏడాది అద్దెను కంపెనీ ముందే తీసుకుంది, ఓనర్లకు మాత్రం నెలనెలా ఇస్తూ వచ్చింది. కంపెనీ దగ్గర డబ్బు అయిపోగానే ఓనర్లు వచ్చి ఇల్లు ఖాళీ చేయమన్నారు, లోన్ మాత్రం అద్దెకున్నవాళ్ల నెత్తిన మిగిలింది. అదే ఏడాది జనవరిలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్ట్ అయిన కంపెనీ అది. పేరు పెద్దదైతే చాలదు.

మూడో మెట్టు: వెతకడం, అడగాల్సిన మొదటి ప్రశ్న

బెయ్‌కె, లియాన్‌జియా, జీరూమ్ యాప్‌లలో ఎక్కువ ఇళ్లుంటాయి. షియావోహోంగ్‌షు అనే సోషల్ మీడియా యాప్‌లో ఇల్లు వదిలి వెళ్లేవాళ్లు నేరుగా పోస్టులు పెడతారు. యాప్‌లో బేరం సాగదు. నచ్చిన ఇల్లు చూసి బ్రోకర్‌ను వీచాట్ అనే మెసేజింగ్ యాప్‌లో చేర్చుకుని అక్కడే మాట్లాడాలి. చైనీస్ రాకపోయినా వీచాట్ అనువాదంతో పని జరుగుతుంది.

అతనికి పంపే మొదటి మెసేజ్‌లో అద్దె గురించి అడగకండి. "మేము ఇద్దరం విదేశీయులం. ఈ ఇంటి చిరునామాతో ఇద్దరికీ పోలీస్ నమోదు జరుగుతుందా? ఓనర్ కాగితాలిస్తాడా?" అని అడగండి. నమోదంటే వెనక్కి తగ్గే ఓనర్లు ఉన్నారు. అద్దె ఆదాయం బయటపడి పన్ను పడుతుందని కొందరి భయం, పోలీస్ స్టేషన్‌కు తిరగాల్సి వస్తుందని కొందరి బద్ధకం. నమోదు కాని ఇల్లు సగం ధరకు వచ్చినా మీకు పనికిరాదు. గూబెయ్, హోంగ్‌చియావో, జిన్‌చియావో లాంటి విదేశీయులు ఎక్కువున్న పేటల్లో ఓనర్లకూ స్టేషన్ వాళ్లకూ ఈ తతంగం అలవాటే. అద్దె కూడా ఆ మేరకు ఎక్కువే.

మీ సంబంధం గురించి ఏం చెప్పాలి? అడిగితే జంట అని చెప్పండి, 'ఛింగ్‌ల్యూ' అంటే చాలు. అన్నాచెల్లెళ్లమని, భార్యాభర్తలమని అబద్ధం చెప్పాల్సిన అవసరమే లేదు. పాస్‌పోర్టులు చూడగానే అది తేలిపోతుంది కూడా. నలుగురైదుగురు కుర్రాళ్ల కంటే ఇద్దరే ఉండే జంట ఇంటిని జాగ్రత్తగా చూసుకుంటారని ఓనర్లకు ఒక నమ్మకం. స్వలింగ జంటలకు కూడా అద్దెకు అడ్డుపడే చట్టం లేదు. అక్కడ చాలామంది రూమ్మేట్లమని చెప్పి ఊరుకుంటారు, ఎవరూ తరచి అడగరు.

మొత్తం ఫ్లాట్ కాకుండా ఒక గది తీసుకుంటే లెక్క మారుతుంది. షాంఘైలో గదికి ఇద్దరికి మించి ఉండకూడదు, తలకు 5 చదరపు మీటర్లకు తగ్గకూడదు. జంటకు ఈ నిబంధనతో ఇబ్బంది లేదు కాని, మీ గదిలోకి మూడో మనిషిని తెచ్చి నెలలు ఉంచుకోవడం కుదరదు. షేరింగ్ ఫ్లాట్లలో గదికి ఒక్కరే అని షరతు పెట్టేవాళ్లూ ఉన్నారు, ముందే అడగాలి. 2025 సెప్టెంబర్ 15 నుంచి అమల్లోకి వచ్చిన జాతీయ అద్దె నిబంధనల ప్రకారం వంటగది, బాల్కనీ, నేలమాళిగలోని స్టోర్ రూమ్ లాంటివాటిని విడిగా నివాసానికి ఇవ్వకూడదు. చవగ్గా వస్తోందని అలాంటి మూలకు ఆశపడకండి.

ఇల్లు చూసేటప్పుడు మన అవసరాలు కూడా గుర్తుపెట్టుకోండి. ప్రకటనలో రాసే విస్తీర్ణంలో మెట్లు, లిఫ్టు వాటా కలిసే ఉంటుంది, లోపల అంత ఉండదు. పాత కాలనీల్లో ఆరంతస్తులున్నా లిఫ్టు ఉండదు. షాంఘైలో బీజింగ్ మాదిరి ఊరంతటికీ కలిపి ఇళ్లను వెచ్చబరిచే వేడి నీళ్ల గొట్టాల ఏర్పాటు లేదు. జనవరి చలికి ఏసీయే దిక్కు, దక్షిణం వైపు కిటికీ ఉంటే అదృష్టం. జూన్‌లో వానలు పట్టుకుంటే గోడలకు బూజు వస్తుంది, బీరువాల వెనక వాసన చూడండి. వంటగదికి తలుపు ఉందా, పొయ్యి గ్యాసుదా కరెంటుదా చూసుకోండి. తాలింపు ఘాటుకు మాత్రం దిగులక్కర్లేదు. చైనీయుల వంటకూ పొగ ఎక్కువే, పొయ్యి మీద బిగించే చిమ్నీలు గట్టిగా లాగుతాయి.

నాలుగో మెట్టు: ఓనర్ నిజంగా ఓనరేనా

ఇంటి యాజమాన్య పత్రం, ఓనర్ గుర్తింపు కార్డు రెండూ చూసి పేర్లు సరిపోయాయో లేదో మీరే పోల్చుకోండి. ఇద్దరి పేరు మీద ఇల్లుంటే ఇద్దరి సమ్మతి కావాలి. ఓనర్ తరఫున వేరే మనిషి వస్తే అధికార పత్రం అడగాలి. అసలు ఓనర్ దగ్గర అద్దెకు తీసుకుని తిరిగి అద్దెకిచ్చేవాణ్ని 'అర్ ఫాంగ్‌డోంగ్' అంటారు. అతను మంచివాడే కావచ్చు, కాని ఓనర్ రాతపూర్వక అనుమతి లేకపోతే పోలీస్ నమోదు దగ్గరే ఆగిపోతారు. అద్దె, డిపాజిట్ అగ్రిమెంట్‌లో పేరున్నవాళ్ల ఖాతాకే పంపండి. ఏజెంట్ సొంత వీచాట్‌కు ఒక్క యువాన్ వద్దు.

ఇల్లు నచ్చాక టోకెన్ ఇమ్మంటారు. రసీదు రాయించుకోండి. దాని పక్కన ఏ పరిస్థితిలో వాపసు ఇస్తారో చైనీస్‌లో ఒక వాక్యం ఉండాలి, ముఖ్యంగా 'పోలీస్ నమోదు కుదరకపోతే పూర్తిగా వాపసు' అన్నది.

అయిదో మెట్టు: అగ్రిమెంట్

అసలు పట్టు ఇక్కడే. ఆరు నెలలు, అంతకు మించిన అద్దెకు రాతపూర్వక అగ్రిమెంట్ ఉండాలని 2021 నుంచి అమల్లో ఉన్న సివిల్ కోడ్ చెబుతుంది. అద్దెదారుల గడిలో ఇద్దరి పేర్లు, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తో, పాస్‌పోర్టు నంబర్లతో సహా రాయించండి. ఓనర్ ఒక్కరి పేరే రాస్తానంటే రెండోవారిని కనీసం సహనివాసిగా, 'తొంగ్‌జూరెన్'గా చేర్చమనండి. రెండోవారి పేరు లేకపోతే వాళ్ల నమోదుకు ఆధారం చూపలేరు. పేరున్నవారు దేశం వదిలి వెళ్తే మిగిలినవారు ఆ ఇంట్లో పరాయివాళ్లు. సివిల్ కోడ్‌లో ఒక మంచి నిబంధన కూడా ఉంది: అద్దెదారు చనిపోతే ఆ ఇంట్లో కలిసి ఉంటున్నవాళ్లు పాత షరతుల మీదే కొనసాగవచ్చు. వాళ్లు భార్యో భర్తో అయి ఉండాలని అది అడగదు.

ముద్రించిన నమూనా అగ్రిమెంట్‌కు చివర ఖాళీ జాగా ఉంటుంది. అక్కడ ఇవి రాయించుకోవాలి. వీసా లేదా పర్మిట్ రాకపోయినా, రద్దయినా, ఉద్యోగం పోయి దేశం వదలాల్సి వచ్చినా ఒక నెల నోటీసుతో డిపాజిట్ పోగొట్టుకోకుండా ఖాళీ చేయొచ్చు. ఇది లేకపోతే మధ్యలో వెళ్లేవాళ్ల డిపాజిట్ సాధారణంగా పోయినట్టే. ఇద్దరిలో ఒకరు వెళ్లిపోతే రెండోవారు అదే అద్దెకు మిగతా గడువు ఉండొచ్చు. ఇద్దరి నమోదుకూ ఓనర్ కాగితాలు ఇస్తాడు, అవసరమైతే స్టేషన్‌కు వస్తాడు. ఏసీ, గీజరు, వాషింగ్ మెషిన్ పాడైతే ఎవరు బాగుచేయించాలి. మీరు పనిచేసే కంపెనీ మీకు అద్దె తిరిగి ఇచ్చే పక్షంలో 'ఫాపియావ్' అనే పన్ను రసీదు ఓనర్ ఇస్తాడా, ఆ పన్ను ఎవరు భరించాలి.

2025 నిబంధనలు మీ వైపు కొంత బలం చేర్చాయి. డిపాజిట్ ఎంత, ఎప్పుడు తిరిగివ్వాలి, దేనికి కోత పెట్టొచ్చు అన్నవి అగ్రిమెంట్‌లో ఉండాలి. మీ అనుమతి లేకుండా ఓనర్ ఇంట్లోకి రాకూడదు. అగ్రిమెంట్‌ను స్థానిక గృహ శాఖలో నమోదు చేయించాల్సింది ఓనరే, అతను చేయకపోతే మీరే చేయించుకోవచ్చు.

రెండు భాషల్లో అగ్రిమెంట్ ఉన్నా తేడా వస్తే చైనీస్ పాఠమే చెల్లుతుందని రాసి ఉండటం మామూలు. ఆంగ్ల పేజీ చూసి సంతకం పెట్టొద్దు, చైనీస్ చదివే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి.

మీ ఇద్దరి మధ్య కూడా ఒక కాగితం రాసుకోండి. డిపాజిట్‌లో ఎవరిది ఎంత, విడిపోతే ఇల్లు ఎవరికి, మిగిలిన అద్దె ఎవరు కట్టాలి. ప్రేమలో ఉన్నప్పుడు ఇది మాట్లాడటం ఇబ్బందే. భార్యాభర్తలకు వర్తించే ఉమ్మడి ఆస్తి నియమాలు మీకు వర్తించవు కనుక ఆ కాగితం, బ్యాంకు బదిలీల రికార్డు తప్ప వేరే ఆధారం ఉండదు.

ఆరో మెట్టు: 24 గంటల్లో పోలీస్ స్టేషన్

హోటల్లో దిగితే రిసెప్షన్ వాళ్లే నమోదు చేస్తారు. సొంత ఇంట్లో, అద్దె ఇంట్లో, స్నేహితుల ఇంట్లో దిగితే ఆ బాధ్యత మీదీ, మీకు బస ఇచ్చినవాళ్లదీ. 2013 జూలై నుంచి అమల్లో ఉన్న ప్రవేశ-నిష్క్రమణ చట్టం ప్రకారం దిగిన 24 గంటల్లోగా ఆ పేట పోలీస్ స్టేషన్‌లో, 'పాయ్‌ఛుస్వో'లో, తాత్కాలిక నివాస నమోదు జరగాలి. తప్పితే హెచ్చరిక, దానితోపాటు 2,000 యువాన్ల దాకా జరిమానా కూడా పడొచ్చు. జరిమానా కంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది, ఆ నమోదు చీటీ లేకుండా నివాస పర్మిట్ దరఖాస్తు ముందుకు కదలదు.

పాస్‌పోర్టు, వీసా పేజీ, అగ్రిమెంట్, ఓనర్ గుర్తింపు కార్డు నకలు, యాజమాన్య పత్రం నకలు పట్టుకెళ్లండి. ఇద్దరికీ రెండు సెట్లు, ఇద్దరికీ రెండు చీటీలు. ఒకరి చీటీతో ఇంకొకరికి పని జరగదు. షాంఘైలో ఆన్‌లైన్‌లోనూ చేసుకోవచ్చు, అయినా మొదటిసారి స్టేషన్‌కే వెళ్లమంటాను. చిరునామాలో భవనం నంబరు, గది నంబరు తప్పు పడితే అక్కడికక్కడే సరిచేయిస్తారు. చీటీ చేతికి రాగానే ఫోటో తీసి పెట్టుకోండి.

పాస్‌పోర్టు మారినా, వీసా రకం మారినా, ఇల్లు మారినా మళ్లీ నమోదు. సెలవులకు ఇంటికి వెళ్లి తిరిగొచ్చినప్పుడు మళ్లీ చేయాలా లేదా అన్నది ఊరిని బట్టి మారుతుంది, చేసేస్తే గొడవ లేదు. విజయవాడ నుంచి అమ్మానాన్నలు వచ్చి మీ ఇంట్లో ఉంటే వాళ్లకూ ఇదే 24 గంటలు. వాళ్లు వచ్చే ముందు మీ సహజీవనం సంగతి వాళ్లకు చెప్పారా లేదా అన్నది మాత్రం పోలీసులు అడగరు.

అనుమానాలుంటే జాతీయ వలస శాఖ సహాయ నంబరు 12367కు ఫోన్ చేయండి, ఆంగ్లంలో మాట్లాడతారు. బయట తిరిగేటప్పుడు పాస్‌పోర్టు వెంట ఉండాలి, 16 ఏళ్లు నిండిన విదేశీయులకు అది చట్టం.

ఏడో మెట్టు: దిగాక

సామాను దించకముందే ప్రతి గది, ప్రతి గీత వీడియో తీసి ఓనర్‌కు వీచాట్‌లో పంపండి. కరెంటు, నీళ్లు, గ్యాస్ మీటర్ల రీడింగులు కూడా. బిల్లులు అలీపే అనే చెల్లింపుల యాప్‌లో కట్టేయొచ్చు. షాంఘైలో 2019 జూలై నుంచి చెత్తను నాలుగు రకాలుగా వేరుచేయడం తప్పనిసరి, చాలా కాలనీల్లో వేసే వేళలు కూడా నిర్ణయించి ఉంటాయి. పక్కింటి పెద్దవాళ్లు మీ పెళ్లి గురించి ఆరా తీయరు, తడి చెత్త కవర్‌తో సహా డబ్బాలో పడేస్తే మాత్రం వెంటబడి మరీ చెబుతారు.

ఆస్పత్రి విషయం ముందే తేల్చుకోవాలి. రోగి స్పృహలో లేనప్పుడు డాక్టర్లు సమ్మతి తీసుకోవాల్సింది దగ్గరి బంధువుల నుంచి. చట్టంలో ఆ జాబితాలో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతమామ్మలు, మనవలు ఉన్నారు. కలిసి ఉంటున్న భాగస్వామి లేరు. ఒకరికొకరు వైద్య నిర్ణయాలకు అధికారమిస్తూ చైనీస్‌లో పత్రం రాయించి నోటరీ చేయించుకోండి. దానితోపాటు ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఫోన్ నంబర్లు ఒకరి దగ్గర ఒకరు ఉంచుకోండి.

ఇంకో చట్టం మాత్రం పెళ్లితో పనిలేకుండా మిమ్మల్ని కాపాడుతుంది. 2016 మార్చి 1 నుంచి ఉన్న గృహహింస నిరోధక చట్టం, కుటుంబ సభ్యులు కాకపోయినా కలిసి జీవిస్తున్నవాళ్ల మధ్య హింసకూ వర్తిస్తుంది. చెయ్యి చేసుకుంటే 110కు ఫోన్ చేయండి. వీసా ఎవరిది వాళ్లకే ఉంది కనుక ఫిర్యాదు చేసినందుకు మీ పర్మిట్ పోదు.

ఖాళీ చేసేటప్పుడు

అగ్రిమెంట్‌లో ఎన్ని రోజుల నోటీసు ఉంటే అంతకంటే ముందే వీచాట్‌లో రాతగా చెప్పండి. ఇద్దరిలో ఒకరే వెళ్తుంటే నోటిమాటతో వదిలేయకుండా పేరు తీసేస్తూ అనుబంధ పత్రం రాయించి ముగ్గురూ సంతకం పెట్టండి. లేకపోతే వెళ్లిపోయినవారి మీద కూడా అద్దె బాకీ నడుస్తూనే ఉంటుంది.

తాళాలిచ్చే రోజు ఓనర్‌ను ఇంటికే రమ్మని, దిగినప్పటి వీడియో పక్కన పెట్టి చూపిస్తూ ఒక్కో గది తిరగండి. బిల్లులన్నీ కట్టిన స్క్రీన్‌షాట్లు చూపించి, డిపాజిట్ ఏ తేదీకి ఏ ఖాతాలో వేస్తాడో అక్కడే రాయించుకోండి. గోడ మీద మేకు గుర్తు లాంటి సాకులతో డబ్బు ఆపితే ఊరి ప్రభుత్వ సహాయ నంబరు 12345 ఉంది. అక్కడ ఫిర్యాదు నమోదైతే చాలామంది ఓనర్లు దారికొస్తారు. చైనా బ్యాంకు ఖాతాను మాత్రం డిపాజిట్ జమ అయ్యేదాకా మూసేయొద్దు.